సీలాసు చొక్కా

“బాలన్నా, ఎస్సయ్య పిలుస్తుండు!”

హోంగార్డు యాదగిరి వాకిట్లోంచి కేక వేస్తే, వంటింట్లో ఉన్న సత్యవ్వకు “యేసయ్య పిలుస్తుండు” అని వినపడింది. ఇంకేముంది! మొగుడు నిక్షేపంలా కుట్టుమిషను తొక్కుతుండగానే శోకం అందుకుంది. వాడకట్టంతా ఉరికొచ్చింది.

“నోరు మూస్కోయే! యేసయ్య గాదు, ఠాణాల ఎస్సయ్య!” అన్నాడు బాలయ్య.

“యేసయ్యయితేనే నయముండె గదరా!” అంది ఓ ముసలామె. అందరూ నవ్వారు, యాదగిరి తప్ప.

“రాయికల్ దిక్కు ఎన్‌కౌంటరైంది. సీలాసు పోయిండన్నా. జగిత్యాల దవాఖానల ఉన్నడు. మనోడని ఎవలన్న రాకుంటే పోలీసోళ్లే కాలవెడ్తరట.”

వాకిలి ఖాళీ అయింది. అడవికి పోయి అన్నల్లో కలిసినవాడి శవాన్ని అడిగితే పేరు స్టేషనుకెక్కుతుంది. అది బస్సెక్కడం కాదు, దిగే స్టేజీ ఉండదు. కోరుట్లలో బాలయ్యకు బట్టలు కుట్టడమే తప్ప కుట్ర తెలియదు. ఖాకీ చొక్కా కొలతలు కూడా దూరం నుంచే తీసేవాడు. కానీ అమ్మానాన్నా లేని సీలాసును బాప్తిస్మం నాడు ఎత్తుకుని, వీడి భారం నాదని గుడిలో ఒప్పుకున్న జ్ఞానతండ్రి ఆయనే.

“పోకయ్యా,” అంది సత్యవ్వ.

“పోకుంటే ప్రభువుకేం జెప్పాలె?”

తెల్లబట్ట తీసి, తనకు గుర్తున్న సీలాసు కొలతలతో చొక్కా కుట్టి, పట్టుకుని జగిత్యాల బస్సెక్కాడు.

“నీకేమైతడు?” అన్నాడు దవాఖాన దగ్గర ఎస్సై.

“జ్ఞానకొడుకు సారూ.”

“గంత జ్ఞానమున్నోనివి, వాడు తుపాకి పట్టంగ ఏం జేసినవ్‌రా?”



“భయపడ్డ సారూ. మీకు భయపడ్డ, వాళ్లకు భయపడ్డ. పోరనికి ఒక్క మాట జెప్పలే.”

“వారం వారం స్టేషన్‌కు రావాలె.”

“వస్త సారూ.”

కోరుట్ల సమాధుల దొడ్డికి పాస్టరు రాలేదు. ట్రాక్టరువాడు శవాన్ని దించి, బండి ఆపకుండానే తిప్పుకుపోయాడు. మొగుడూ పెళ్లామే గుంత తవ్వారు.

బాలయ్య సీలాసుకు చొక్కా తొడిగాడు. ఛాతీ మీద బొత్తాలు కలవలేదు. చేతులు మోచేతులు దాటి రాలేదు. ఇల్లు విడిచిన నాటి కొలతలవి. పోరడు అడవిలో పెరిగాడు.

“గుంజకయ్యా,” అంది సత్యవ్వ. “నొస్తది.”

బాలయ్య చొక్కా చేతులు వదిలేశాడు. గోడవతల మఫ్టీ కానిస్టేబుల్ బీడీ ముట్టించాడు. బాలయ్య అది చూశాడు. గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గోడవతలికి కూడా వినపడేలా, సీలాసు పేరు పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు.