గరగర తప్ప ఏమీ వినబడలేదు

నేను ఒక వాకీటాకీని. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె, పైన పొట్టి యాంటెన్నా, పక్కన ఒక బటన్. ఆ బటన్ నొక్కితే మన మాట అవతలివాళ్ల చెవుల్లో పడుతుంది, వదిలితే వాళ్ల మాట మనకు వస్తుంది. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు నోరు మూసుకుని వినాల్సిందే. ఈ గుణం మనుషులకు అబ్బి ఉంటే ఎన్నో సంసారాలు చక్కబడేవని నా అభిప్రాయం. కాకపోతే నన్నెవరూ అడగలేదు.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. నా మొదటి కొలువు విశాఖపట్నంలో పెళ్లిళ్లు జరిపించే ఒక కంపెనీలో. పప్పు అయిపోయిందనీ, మగపెళ్లివారికి ఏసీ చల్లగా లేదట అనీ, అలాంటి అత్యవసర వార్తలు మోసేదాన్ని. ఆ కంపెనీ మూతపడ్డాక నన్నూ నా తోటివాళ్లనూ అంగరక్షకులను పంపే ఒక సంస్థ కొనుక్కుంది. అలా నేను సూర్యారావు నడుముకు చేరాను.

సూర్యారావుది శ్రీకాకుళం వైపు పల్లె. మిలటరీలో సిగ్నల్స్ విభాగంలో చేసి వచ్చినవాడు. నవ్వడు, అరవడు, అవసరం లేనిదే నోరు విప్పడు. డ్యూటీకి ముందు తన మనుషుల ఫోన్లన్నీ ఆపించి ఆఫీసు బీరువాలో పెట్టించేవాడు. నాలాంటి వాకీటాకీ సెట్టు ఉండగా ఫోనెందుకన్నది ఆయన వాదన. రోజూ బయలుదేరేముందు బటన్ నొక్కి "మాటుందా?" అని అడిగేవాడు. ఒక్కొక్కరే "ఉంది బాబూ" అనేవారు. ఆ తర్వాత కబురుంటేనే మాట్లాడాలి. మాట రాలేదంటే అంతా బాగున్నట్టు లెక్క.

సెట్టు మూగబోతే వాడుకోవడానికి ఇంకో గుర్తు నేర్పాడు. ముందు వెళ్లిన మనిషి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడితే, ఆ దారిన రావద్దని. ఆ మాట వినగానే పైడితల్లి మొహం చిట్లించింది. ఆయన కింద ముగ్గురున్న జట్టులో ఒక్కతే ఆడమనిషి, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ ఈ పనిలో చేరింది.

"ఎవులో సచ్చిపోయినట్టు నెత్తిన చేతులేటి బాబూ? మాయమ్మ చూసిందంటే తంతాది" అంది.

"అందుకే. ఊరికినే ఎవులూ అలాగ నిలబడరు. చూడగానే తెలిసిపోద్ది" అన్నాడు సూర్యారావు. ఆయన వెనక్కి తిరగగానే మిగతా ఇద్దరూ చేతులు నెత్తిన పెట్టుకుని ఏడుపు నటించారు.

ఆ రోజుల్లో మేము కాపలా కాసిన మనిషి మంగవేణి. చేపల కోల్డ్ స్టోరేజీలో ఆమె ఒక భాగస్వామి. అందులో నిప్పంటుకున్న రోజున బయటి తలుపుకు తాళం ఉండటం వల్ల లోపలి కూలీ ఆడవాళ్లు కొందరు బయటికి రాలేక చనిపోయారు. తాళం వేయించింది రెండో భాగస్వామి. తాళంచెవి అతను తన జేబులోంచి తీయడం చూసిన మనిషి మంగవేణి ఒక్కతే. ఆమె కోర్టులో ఆ మాట చెప్పకపోతే కేసు లేదు. చెప్తే ప్రాణం దక్కదని రెండుసార్లు ఇంటికి కబురొచ్చింది.

సాక్ష్యం రోజు పైడితల్లి ముందుగా, జనం కంటపడకుండా కారు రావలసిన కోర్టు వెనక గేటు సందులోకి వెళ్లింది. మిగతా ఇద్దరూ ముందు గేటు దగ్గర. కారు డ్రైవరు నూకరాజు నడుపుతున్నాడు, అతనికి సెట్టు లేదు. సూర్యారావు పక్క సీట్లో, నేను ఆయన నడుమున, ఆమె వెనక సీట్లో.

దారిలో ఆమె ఏడవడం మొదలుపెట్టింది. సూర్యారావు డ్యూటీలో వెనక్కి తిరిగి మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు, ఆయన కళ్లు ఎప్పుడూ రోడ్డు మీదే. ఆ రోజు తిరిగాడు. తిరగడంలో సీటు బెల్టు బిగుసుకుని, దాని ఇనప బకిల్ నా బటన్ మీద కూర్చుంది. అక్కడినుంచి కారులోని ప్రతి మాటా అందరి చెవుల్లోకీ వెళ్లింది, వాళ్ల మాట మాత్రం ఇటు రావడానికి దారి లేకపోయింది. సూర్యారావుకు ఆ సంగతి తెలియదు. చెవిలో నిశ్శబ్దంగా ఉంది కదా, అంతా బాగుందనుకున్నాడు.

"నావల్ల కాదు సూర్యారావు గారూ, కారు వెనక్కి తిప్పించండి. ఏమీ చూడలేదని చెప్పేస్తాను" అంది మంగవేణి.

"తిప్పమంటే తిప్పించేత్తానమ్మా. నాకు కావలసింది మీ పేణం" అన్నాడు ఆయన. "భయం నాకూ ఉంది. పొద్దున్న బూట్లు కట్టుకుంటంటే చేతులొణుకుతాయి. కుర్రోళ్ల ముందర కట్టుకోను అందుకే. నాకేటైనా అయితే మా ఆడది ఒక్కర్తీ అయిపోద్ది. ఒణుకుతానే వత్తన్నాను రోజూ. ఒణుకు ఆగాక ఎల్దామంటే అది ఆగదమ్మా."

ఆమె ముక్కు తుడుచుకుని, "సరే, పోనివ్వండి" అంది.

ఇక అవతల జరిగింది పైడితల్లి తర్వాత చెప్పగా విన్నాను. ఆమె చూస్తుండగానే సందు చివర ఒక ఇసుక లారీ అడ్డంగా వచ్చి ఆగిందట. కర్రలతో మనుషులు దిగి గోడవారగా కూర్చున్నారు. కారు లోపలికొస్తే మళ్లీ బయటికి పోయే దారి లేదు. ఆమె తన సెట్టు నొక్కింది, మళ్లీ మళ్లీ నొక్కింది. చెవిలో సూర్యారావు బూట్ల సంగతి చెబుతూనే ఉన్నాడు. అంతటి మనిషికీ వణుకు ఉందని వింటూనే ఆమె సందు మొదట్లోని మలుపు దాకా పరిగెత్తింది. నడిరోడ్డు మీద రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడింది. పూలమ్మే ముసలమ్మ ఒకామె దగ్గరికొచ్చి భుజం పట్టుకుని, "ఎవులు పోనారమ్మా?" అని అడిగిందట.

కారులో నూకరాజు కళ్లు చిట్లించి, "బాబూ, పైడితల్లి అలాగ నిలబడిందేటి?" అన్నాడు.

సూర్యారావు గిరుక్కున ముందుకు తిరిగాడు. బకిల్ పక్కకు జరిగింది, నాకు ఊపిరాడింది, ముందు గేటు దగ్గరి ఇద్దరి గొంతులూ ఒకదాని వెంట ఒకటి నామీద పడ్డాయి. ఆయనకు వాటితో పని లేకపోయింది. "సందులోకి తిప్పకు. తిన్నగా ముందు గేటుకి పోనీ" అన్నాడు.

ముందు గేటు దగ్గర పోలీసులు ఉన్నారు. మంగవేణి లోపలికి వెళ్లింది. తలుపు పక్కన నిలబడ్డ సూర్యారావు నడుమునుంచి నేను విన్నాను, తాళంచెవి ఎవరి జేబులోంచి వచ్చిందో ఆమె పేరు పెట్టి చెప్పింది. గొంతు వణికింది, కానీ మాట పూర్తి చేసింది.

సాయంత్రం ఆఫీసులో సూర్యారావు నన్ను బల్లమీద పెట్టాడు. అందరినీ నిలబెట్టాడు.

"కారులో నా సెట్టు నొక్కుకుపోనాది. తప్పు నాదే. మీకేటైనా ఇనబడిందా?"

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. పైడితల్లే ముందు నోరు తెరిచింది.

"గరగర తప్ప ఏటీ ఇనబడలేదు బాబూ."

"మాకూ అంతే" అన్నారు మిగతా ఇద్దరూ.

బటన్ నొక్కుకుపోతే గరగర రాదు, మాట స్వచ్ఛంగా వెళుతుంది. సిగ్నల్స్‌లో పనిచేసినవాడికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. సూర్యారావు వాళ్లను ఒక్కొక్కరినే చూసి, "మంచిది" అన్నాడు. మర్నాడు పొద్దున్న ఆఫీసుకు చెప్పులతో వచ్చాడు. బూట్లు అందరి ముందూ కూర్చుని కట్టుకున్నాడు, చేతులు దాచుకోలేదు. ఆయన కట్టుకోవడం అయ్యేదాకా ముగ్గురూ గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు.

నన్ను మళ్లీ నడుముకు కట్టలేదు. ఇప్పుడు ఉబ్బిపోయిన బ్యాటరీలతో, తెగిన వైర్లతో కలిసి ఒక సొరుగులో ఉంటున్నాను. సూర్యారావు పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆయన చోట రోజూ "మాటుందా?" అని అడిగేది పైడితల్లి. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా నన్ను బయటికి తీసి, సెట్టు ఎక్కడ కట్టుకోకూడదో చూపిస్తుంది, లారీ కథ చెబుతుంది. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అంతసేపూ కారులో ఏం మాట్లాడుకున్నారని.

"గరగర" అంటుంది పైడితల్లి, నన్ను సొరుగులో పెడుతూ.

నా బతుకులో నేను మోసిన మాటలన్నిటిలోకీ అంత శుభ్రంగా వెళ్లినవి ఆ కారులో మాటలే.