తాళం బాబాయ్ గీకిన రేకు

పాము కథ చెప్పే ప్రతివాడూ పామును సాగదీస్తాడు. నాకా జబ్బు లేదు. తాళం బాబాయ్ భార్యను కరిచిన పాము సరిగ్గా బారెడు, ఒంటి మీద తెల్లటి కట్లు. ఒక్క అంగుళం కలిపానని తేలితే చెవి కోసిస్తాను.

ఇంటికి తాళం వేశాక దాన్ని పట్టుకుని వేలాడి చూడటం, మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి వేలాడటం బాబాయ్ అలవాటు. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆయనకే గుర్తులేదు.

ఆమెను చేర్చిన ఆస్పత్రిలో విషానికి విరుగుడు నిండుకుంది. బాబాయ్ మందుల షాపుకు పరిగెత్తాడు. అక్కడ మిగిలింది ఒక్కటే పెట్టె.

“దీని మీద రేకు నువ్వు గీకకు బాబాయ్. ఆస్పత్రిలో వాళ్ళే గీకి, కింద ఉన్న గుర్తును ఫోనుతో చూసుకుంటారు. అలా చూస్తే పెట్టె తెరిచినట్టే లెక్క,” అన్నాడు షాపతను. “బ్లాక్‌చైన్ అంటారు. పెట్టె చేతులు మారినా, తెరిచినా ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఒకేసారి ఎక్కిపోతుంది. ఎక్కింది ఎవడూ చెరపలేడు. నకిలీ మందులు దిగినప్పట్నుంచీ ఇదే పద్ధతి.”

“నేనెందుకు గీకుతాను?” అన్నాడు బాబాయ్, బొటనవేలి గోరు చూసుకుంటూ.

ఆస్పత్రి మెట్ల మీద బాబాయ్ కాళ్ళు ఆగిపోయాయి. షాపతను మంచివాడే. కానీ అతణ్ణీ ఎవడైనా మోసం చేసి ఉంటే? గీకాడు. ఫోను పెట్టాడు. ‘అసలు సరుకు’ అని పచ్చగా వెలిగింది. ప్రాణం లేచొచ్చింది.

“రేకు లేచిపోయిందేంటి?” అంది నర్సు.

“దారిలో రాసుకుపోయిందేమోనమ్మా. నేను ముట్టుకోలేదు.”

ఆమె ఫోను ఎర్రబడింది: ‘ఇంతకుముందే తెరిచారు. వాడకండి.’

“ఎవరో వాడేసిన పెట్టె గుర్తు తెచ్చి దీనికి అంటించారు బాబాయ్. ఇది ఎక్కించలేను.”

“ఆ ముక్క చెరిపెయ్యమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటా!”

“చెరపగలిగితే ఇక అదెందుకు బాబాయ్?”

మంచం మీద భార్య రెప్పలు వాలిపోతున్నాయి. నిజం చెబితే, తెరిచింది నువ్వేగా అని పెట్టెను చెత్తబుట్టలో పడేస్తారేమో. చెప్పకపోతే ఈ మనిషి దక్కదు.

“ఆయన... లాగి చూడకుండా... ఉంటాడా?” అంది భార్య. ఆ ముద్దమాట నర్సుకు అర్థం కాలేదు. బాబాయ్‌కి అర్థమైంది. భోరుమన్నాడు.

“నేనేనమ్మా! మెట్ల మీద నేనే గీకాను. ఇదిగో ఫోను!”

డాక్టరమ్మ వచ్చి ఆ ఫోనునూ, బ్లాక్‌చైన్‌లో ఎక్కిన వరసనూ పక్కపక్కన పెట్టి చూసింది. అదే ఫోను, ఇదే ఆస్పత్రి, ఇందాకటి వేళ. లోపలి సీసాల మూతలు తిప్పి తిప్పి చూసింది. ఒక్కటీ విప్పింది కాదు.

“తెరిచింది దొంగ కాదు, మొగుడు,” అని, చెరపలేని ఆ వరస కింద తన పేరుతో ఇంకో వరస ఎక్కించి, మందు పెట్టమంది.

చుక్కచుక్కా దిగుతుంటే బాబాయ్ సీసా వేలాడే కొక్కేన్ని లాగబోయాడు. నర్సు చేతి మీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత మంచం పట్టె వదలకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి రెప్పలు విడ్డాయి.

“ఇంటికి తాళం వేశారా?” అంది భార్య.

“లేదు,” అన్నాడు. తలుపులు బార్లా తెరిచి వచ్చాడు. అయినా లేవలేదు.

ఇక పాము సంగతి. దాన్ని చూసినవాళ్ళే లేరు. కాలి మీద గాట్లు తప్ప ఆనవాలు లేదు. బారెడు పొడవూ తెల్ల కట్లూ నేను తొడిగినవే. చెవి మాత్రం అడక్కండి, కళ్ళజోడు నిలవాలి.