సార్జెంట్ తీసిన పుట్టువెంట్రుకలు

పెరూ కొండల్లోని కసాపాంపా పల్లెకూ పక్కనున్న సైనిక స్థావరానికీ మధ్య అడ్డం ఒక్క కంచే. ఆ కంచెకు అటూ ఇటూ మనసులు కలపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త కెప్టెన్‌గారు వెంటనే ఊరి మైదానంలో గుడారాలు వేయించి, ఉచితంగా పళ్ల వైద్యం, మందులు, క్షౌరం అని చాటింపు వేయించాడు. కత్తెర పట్టింది సార్జెంట్ ఎలియొదోరో. కయావో రేవులో, అనాథాశ్రమంలో పెరిగిన మనిషి. నలభై ఆరేళ్లొచ్చినా, సెలవిస్తే ఎక్కడికి పోవాలో తెలియక బారక్స్‌లోనే ఉండిపోయే రకం.

పదకొండింటికల్లా ముప్పై తలలు దులిపేశాడు. ముప్పై ఒకటోది నాలుగేళ్ల పిల్ల నైదా. మిఠాయి డబ్బా చూసి తనంతట తానే కుర్చీ ఎక్కింది. తల్లి నికాసియా పంటినొప్పితో పక్క గుడారంలో ఉంది. పిల్ల జుట్టు నడుం దాకా చిక్కులు కట్టి ఉంది. పేలు పట్టాయి కాబోలు పాపం అనుకుని సార్జెంట్ కత్తెర ఆడించాడు. వెనకనుంచి ఒకావిడ వద్దని అరిచింది కానీ, జనరేటర్ రొదలో అతనికి వినబడలేదు.

తిరిగొచ్చిన నికాసియా భుజం మీది రంగుల దుప్పటి నేలమీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ జుట్టంతా ఏరుకుంది. వరసలో ఉన్నవాళ్లు టోపీలు పెట్టుకుని ఒక్కరొక్కరే వెళ్లిపోయారు.

ఆ కొండల్లో పుట్టువెంట్రుకలంటే ఆటలు కాదు. మొదటి కుచ్చు కత్తిరించినవాడు బిడ్డకు జ్ఞానతండ్రి, అంటే కన్నతండ్రి తర్వాత తండ్రంతటివాడు. తక్కినవి చుట్టపక్కాలు తలా ఒకటి తీస్తారు. తీసిన ప్రతివాడూ బిడ్డకు తోడుంటానని మాటిచ్చినట్టే. ఆ పండగ కోసమే నికాసియా రెండేళ్లుగా గొర్రెపోతును మేపుతోంది.

మర్నాటినుంచి గేటు దగ్గరికి బంగాళాదుంపలు రాలేదు, పాలు రాలేదు. ఎదురైనవాళ్లు మొహం తిప్పుకున్నారు.

"మనసులు కలపమంటే తలలు గొరిగొచ్చావా?" కెప్టెన్ మండిపడ్డాడు. "బియ్యం బస్తా పట్టుకెళ్లి సర్దిచెప్పు. ఎలాగూ ఇరవయ్యో తారీఖున అడవి సరిహద్దుకి నీ బదిలీ."

నికాసియా గడపలో బస్తా దించాడు. ఆమె తలెత్తలేదు. పొయ్యి పక్కన ఉన్ని వడుకుతున్న ఆమె తల్లి పెట్రొనీలా అందుకుంది.

"బియ్యం ఎందుకప్పా? బియ్యం మామవుతాయా, చిన్నాయనవుతాయా? తలంతా నువ్వే తీసేస్తివి. ఊరందరి బిడ్డను ఒక్కడివే ఎత్తుకుంటివి."

"తెలియక చేశానవ్వా."

"నీ పుట్టెంట్రుకలు ఎవురు తీసిరి?"

"ఆశ్రమంలో. అందరినీ వరసగా నిలబెట్టి మిషన్ పెట్టారు. ఎవరో తెలీదు."

అవ్వ కదురు ఆపింది. "అట్లయితే నీకూ ఎవురూ లేరు."

నలభై ఆరేళ్లలో ఆ మాట మొహం మీద ఎవరూ అనలేదు. కోపం రావలసింది, ఏడుపొచ్చింది. ఆ పొయ్యి దగ్గర తనకూ ఒక పీట ఉంటే చాలనిపించింది.

"నేనే జ్ఞానతండ్రిగా ఉంటాను" అన్నాడు.

నికాసియా అప్పుడు చూసింది. "ఏటేటా ఈ దినానికి వస్తావా? మా పొయ్యికాడ కూచోని తింటావా?"

వస్తానన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పిల్ల తన బోడితల తడుముకుంటూ అతన్నే చూస్తోంది.

"రాలేను. ఇరవయ్యో తారీఖున అడవికి పంపేస్తున్నారు. మళ్లీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు."

ఇక అయిపోయిందనుకుని వెనక్కి తిరిగాడు.

"యాడికి?" అంది అవ్వ. "ఈ ఊర్లో నలుగురు పిల్లోళ్లకు మీ ఆఫీసర్లే జ్ఞానతండ్రులు. అందురూ వస్తామనే పోయిరి, ఒక్కడూ రాలే. రానని చెప్పినోడివి నువ్వొక్కడివే. కూచో, కొంపాద్రే. గొర్రెను కోస్తాం, తిని పో."

కొంపాద్రే అంటే బిడ్డ జ్ఞానతండ్రిని ఇంటివాళ్లు పిలుచుకునే పిలుపు. అతన్ని ఏ ఇంటివాళ్లూ ఏ వరసా పెట్టి పిలిచి ఎరగరు.

వెళ్లేముందు నికాసియా సగం జుట్టు ఎర్రగుడ్డలో మూటకట్టి అతని చేతిలో పెట్టింది. "పిల్ల పెండ్లినాటికి ఇది మా ఇంటికి రావల్ల. నువ్వే తేవల్ల."

మర్నాడు గేటుకి పాలొచ్చాయి. స్థావరానికీ గ్రామానికీ సత్సంబంధాలు నెలకొన్నాయని కెప్టెన్ నివేదిక రాసుకున్నాడు.

అడవిలో ఎడతెగని వాన. ఏడుగురు జవాన్లు, ఒక రేడియో. పడవ తెచ్చే ఉత్తరాల్లో సార్జెంట్ పేరు ఉండదు. ఎండ కాసిన రోజు పెట్టె తెరిచి, బూజు పట్టకుండా ఆ జుట్టును బండమీద ఆరబెట్టి, గాలికి పోకుండా పక్కనే కూర్చుంటాడు.

"ఎవరిది సార్జెంట్, ప్రియురాలిదా?" ఒక జవాను ఎగతాళి చేశాడు.

"మా పిల్లది" అన్నాడు. అని, ఇంకెవరైనా అడిగితే బాగుండునని చుట్టూ చూశాడు.