మొదటి కార్డుకే లక్ష

క్రాంతి కుమార్‌కు బేరం ఉగ్గుపాలతో అబ్బిన విద్య. పాలమూరు వలస కూలీల ఇళ్లలో పిల్లలకు నడక కంటే ముందు బేరం వస్తుందని అతని నమ్మకం. మేస్త్రి వచ్చి పనికి రమ్మంటే వెంటనే తలూపకూడదు. "నిన్న ఇంకో మేస్త్రి వచ్చిపోయిండు, నలభై వేలు అడ్వాన్సు ఇస్తనన్నడు" అని గాలికి చెప్పినట్టు చెప్పాలి. ఆ మాట ఊరు తిరిగి మూడో మేస్త్రి చెవిన పడాలి. ముగ్గురూ పోటీపడితే అడ్వాన్సు దానంతటదే పెరుగుతుంది. తీసుకున్న అడ్వాన్సు తెగేదాకా పుణెలోనో బెంగళూరులోనో తొమ్మిది నెలలు సిమెంటు మొయ్యాలి, అది వేరే సంగతి.

రెండేళ్ల కింద అలాగే పుణె పోయి తిరిగొచ్చిన రోజున, కూతురు సుప్రియ తల్లి కొంగు చాటుకు పోయి "ఎవరమ్మా?" అని అడిగింది. క్రాంతి నవ్వేశాడు గానీ, ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాడు. మళ్లీ అడ్వాన్సు ముట్టనని ఆ రోజే భార్య వసంతకు మాటిచ్చాడు.

వసంతకు వీపనగండ్లలో, బ్యాంకుకు ఎదురుగా ఇడ్లీ బండి ఉంది. తెల్లవారకముందే లేచి పిండి రుబ్బడం ఆమె పని. చట్నీ నూరడం, ప్లేట్లు కడగడం క్రాంతి పని, మిగతా పూట కూలి. మే నెలలో ఒక ప్రైవేటు హాస్టలు వార్డెను బండి దగ్గర నాలుగిడ్లీలు తిని, మరో నాలుగు పెట్టించుకుని, బళ్లు తెరిచాక నూట ఇరవై మంది పిల్లలకు రోజూ టిఫిన్ చేసిస్తారా అని అడిగింది. ఆ ఆర్డరు దొరికితే ఇద్దరికీ ఊళ్లోనే చేతినిండా పని. కానీ ఇంట్లో ఉన్న చిన్న గ్రైండరు నూట ఇరవై మందికి రుబ్బేసరికి ఆ పిల్లలకు పెళ్లిళ్లయిపోతాయి. పెద్ద గ్రైండరు నలభై ఆరు వేలు.

నలభై ఆరు వేలు ఒక్కసారి చేతికి రావాలంటే క్రాంతికి తెలిసిన దారి ఒక్కటే. ఆ దారి కురుమూర్తి మేస్త్రి రూపంలో ఇంటికే వచ్చింది.

"యాభై వేలిస్త తమ్మీ. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వస్త. అప్పటికి మాట చెప్పు" అని పోయాడు మేస్త్రి.

వసంత ఆ రాత్రి ఏమీ అనలేదు. క్రాంతి ఆమె తిట్లకు ఏనాడూ భయపడలేదు, ఆమె ఊరుకుంటేనే భయం.

మర్నాడు ఫోనులో ఒక వీడియో కనిపించింది. మెడలో గొలుసు వేసుకున్నవాడొకడు, మొదటి కార్డుకే లక్ష లిమిట్ ఎలా తెచ్చుకోవాలో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. క్రెడిట్ కార్డు గీకితే గ్రైండరు వస్తుంది, ఆ బాకీని నెలనెలా కొంత కట్టుకోవచ్చు. క్రాంతి ప్రాణం లేచొచ్చింది. బ్యాంకు కూడా ఒక మేస్త్రే, కార్డు కూడా ఒక అడ్వాన్సే, కాకపోతే ఊరు విడిచి పోనక్కర్లేదు. ఇక బేరమంటావా, అందులో తనకు ఎవరు నేర్పాలి?

మొదటి బ్యాంకు కుర్రాడు ఫోనులో పదిహేను వేల లిమిట్ ఇస్తామన్నాడు.

"పదిహేనా? గది మా ఊళ్ల పోరగాండ్లకిచ్చే లిమిట్. ఇంకో బ్యాంకోళ్లు ఎనభై ఇస్తమంటున్రు" అన్నాడు క్రాంతి, దర్జాగా.

ఆ ఇంకో బ్యాంకు అప్పటికి లేదు. అది ఉండాలి కాబట్టి వెంటనే దరఖాస్తు పెట్టాడు. దానికి పోటీగా మరొకటి. వనపర్తిలో బట్టల దుకాణం ముందు గొడుగు కింద కూర్చున్న అమ్మాయి దగ్గర ఒకటి, కొల్లాపూర్‌లో పెట్రోలు బంకు దగ్గర ఒకటి. నాలుగు రోజుల్లో ఏడు. ఎక్కిన ప్రతి గడప దగ్గరా మిగతా బ్యాంకుల పేర్లన్నీ ఏకరువు పెట్టాడు. ఇక వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తారని ఇంటికొచ్చి కాళ్లు చాపుకున్నాడు.

శుక్రవారం నుంచి మెసేజులు మొదలయ్యాయి. ఒకరి తరువాత ఒకరు, ఏడుగురూ కుదరదన్నారు. పదిహేను వేలిస్తానన్నవాడు ఫోను కూడా ఎత్తలేదు.

సోమవారం పొద్దున ఎదురుగా ఉన్న బ్యాంకు ఆఫీసరు సింధూజ ఎప్పటిలాగే ఇడ్లీ తినడానికి వస్తే, క్రాంతి ఆగలేక ఫోను చూపించాడు. ఆమె ఒక్కో మెసేజూ చదివి, ప్లేటు పక్కన పెట్టింది.

"ఏడింట్ల పెట్టినవా? నాలుగు రోజుల్లనా? ఎందుకయ్యా?"

"పోటీ పెడ్తే లిమిట్ పెరుగుతదని మేడమ్. మేస్త్రీల కాడ గట్లనే కదా పెరుగుతది?"

సింధూజ నవ్వబోయి, అతని మొహం చూసి మానుకుంది. "నువ్వు ఎక్కడెక్కడ అడిగినవో అన్ని బ్యాంకులకూ కనిపిస్తది క్రాంతీ. మేస్త్రికి తెలిస్తే పోటీ పడ్తడు. బ్యాంకుకు తెలిస్తే భయపడ్తది, ఈ మనిషికి ఏమంత అవసరం పడ్డదో అని. ఇంక ఆర్నెల్ల దాకా ఎక్కడా అడగకు."

ఆర్నెల్లు! ఆదివారానికి ఇంకా ఆరే రోజులు. క్రాంతి బండి పక్కన ఆడుకుంటున్న సుప్రియను చంకనేసుకుని మొహం తిప్పుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మిరప ఘాటని ఎవరైనా అనుకుంటే బాగుండుననుకున్నాడు. బిడ్డ మళ్లీ మర్చిపోతుంది. ఈసారి నాలుగేళ్ల పిల్ల, మర్చిపోకపోతే ఇంకా కష్టం.

అప్పుడే ఎవరో ఫోనులో డబ్బులు కొడితే, బండికి వేలాడుతున్న డబ్బా "ముప్పై రూపాయలు అందాయి" అని అరిచింది. సింధూజ ఆ డబ్బా వంక చూసింది.

"ఈ పైసలు ఎవరి ఖాతాల పడ్తయి?"

"నా ఖాతాలనే మేడమ్, మీ బ్యాంకుల" అంది వసంత, గరిటె దించకుండానే. "మూడేండ్ల సంది."

"మరి మా బ్యాంకు నుంచి కార్డు మెసేజులు రాలేదా?"

"బాగొచ్చినయి. గవన్ని దొంగ మెసేజులు, ముట్టకని ఈయనే చెప్పిండు. ఒక్కటి విడువకుంట తుడిచేసిన."

బ్యాంకు తెరవగానే ముగ్గురూ లోపలికి పోయారు. సింధూజ కంప్యూటర్‌లో చూసి తెరను వసంత వైపు తిప్పింది. ఎవరూ అడగకుండానే వసంత పేరు మీద కార్డు సిద్ధంగా ఉంది. మొదటి లిమిట్ డెబ్బై ఐదు వేలు. మూడేళ్లుగా ఒక్కరోజు తప్పకుండా పదీ ఇరవై పడుతున్న ఖాతాను బ్యాంకు చూస్తూనే ఉంది. పక్కనే ఉన్న మొగుడు మాత్రం చూడలేదు.

"సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టు చేసినవు గదయ్యా" అంది వసంత. తన మాటేనని సుప్రియ అతని చంకలోంచి కిలకిలా నవ్వింది. వసంత కూడా నవ్వింది. వారం రోజుల తరువాత ఆ నవ్వు చూసి క్రాంతికి ఒళ్లు తేలికైంది.

"నెలనెలా గడువులోపు కట్టాలె, కార్డుతో నగదు తీయొద్దు" అని సింధూజ పదిసార్లు చెప్పింది. పది సార్లూ క్రాంతి, తనకే ఇస్తున్నట్టు, తలూపాడు.

శనివారం కార్డు వచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి చెయ్యి తియ్యకుండా వనపర్తి దాకా బస్సులో పోయాడు. గీకింది మాత్రం పక్క సీట్లో కూర్చుని వచ్చిన వసంతే.

ఆదివారం పొద్దున కురుమూర్తి మేస్త్రి వచ్చేసరికి, ఇంటి ముందు పెద్ద గ్రైండరు తిరుగుతోంది. క్రాంతి మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు.

"ఏం తమ్మీ, యాభై తెచ్చిన. ఎప్పుడు బయలెల్లుదాం?"

"రాలేనన్నా. ఇంకో మేస్త్రి కాడ అడ్వాన్సు పట్టిన."

కురుమూర్తి ఈ పాట చాలాసార్లు విన్నవాడే. "ఎంతిచ్చిండేంది?"

"డెబ్బై ఐదు."

"నిజం చెప్పు! గంత ఇచ్చిన మేస్త్రి ఎవలు?"

క్రాంతి పిండి చేత్తోనే వసంతను చూపించాడు. జీవితంలో మొదటిసారి బేరంలో అబద్ధం ఆడలేదు. కురుమూర్తి గ్రైండరును, ఆమెను మార్చి మార్చి చూశాడు.

"ఎన్ని నెలలకమ్మా?"

"గది తెగే అడ్వాన్సు కాదన్నా" అంది వసంత, ప్లేటులో ఇడ్లీలు పెడుతూ. "కూసో. చట్నీ ఆయనే నూరిండు, తిని పో."