కొట్టం గోడలోని రాతి తల

ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి పశువుల కొట్టం గుమ్మం పైన రాతి తల లేదు. అది ఉండే చోట పెద్ద కన్నం, అందులోంచి మట్టి రాలుతోంది.

మా ఊరి కావన్ కొండల్లో మా తాత పొలం దున్నుతుంటే దొరికిన తల అది. కళ్ళు రెండు గుంటలు, నోరు ఒక గీత. ఈ దేశానికి క్రీస్తు పేరు తెలియకముందు ఎవరో చెక్కారట. పూడ్చెయ్యమని ఫాదర్ గారంటే తాత పూడ్చాడు. ఆయన వేరే ఊరికి మారిన వారానికే తవ్వి తీసి గోడలో పెట్టాడు. నలభై ఏళ్ళుగా నేను పాలు పితకడానికి దాని కిందనుంచే వెళ్ళాను. పోతూ పోతూ దాన్ని పలకరించేదాన్ని. పెళ్ళిళ్ళు చేసుకోకుండా ఆ ఇంట్లోనే ఉండిపోయిన నాకూ మా అన్న ఫింటన్‌కీ మధ్య మాటలు తక్కువ.

అన్న వంటింట్లో బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాడు.

"తల ఏది అన్నయ్యా?"

"పట్నం నుంచి మ్యూజియం ఆయన వచ్చాడు. ఇచ్చేశాను."

"నాతో ఒక్క మాట చెప్పకుండానా? రేపు ఎవరైనా వస్తే నన్నూ ఇలాగే ఇచ్చేస్తావు."

"నిన్నెవరు తీసుకుంటారే అట్రాక్టా!"

ఇంకోరోజైతే నవ్వేదాన్ని. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు కోటు వేసుకోబోతే అతని చెయ్యి పైకి లేవలేదు. సాయం చెయ్యబోయి చూస్తే భుజం వాచి నల్లగా ఉంది.

"ఇదేమిటి?"

"ఏటా మంచు కరగ్గానే ఆ తల గోడలోంచి జారుతుంది. దాన్ని అక్కడే ఉంచుతానని పోయేముందు నాన్నకు మాటిచ్చాను, అందుకే నిచ్చెనెక్కి నేనే మళ్ళీ పెడుతున్నాను. ఈసారి జారి మీద పడింది. ఇక నావల్ల కాదే."

"చెప్తే ఇద్దరం ఎత్తేవాళ్ళం కదా."

"నీ చేతులు మాత్రం ఏం బాగున్నాయి?"

పితికీ పితికీ వంకర్లు పోయిన నా వేళ్ళు చూసుకున్నాను.

తర్వాతి నెల బస్సెక్కి పట్నం మ్యూజియానికి వెళ్ళాను. తల గాజు పెట్టెలో ఉంది. నాచంతా పోయి, ఎవరో కొత్తవాళ్ళలా ఉంది. ఎదురుగా బెంచీ ఉంటే కూలబడ్డాను. దాన్ని తిట్టాలనో, క్షమాపణ అడగాలనో వచ్చాను. కానీ నిద్రపట్టేసింది. "అమ్మా, మూసేస్తున్నాం" అని కాపలా ఆయన లేపాడు.

ఇంటికొచ్చాక అన్న టీ పోసిచ్చాడు.

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉందక్కడ. వాన పడదు."

ఆ వారమే ఆవుల్ని పక్క పొలం వాళ్ళకు ఇచ్చేశాం. ఇచ్చేద్దామని ముందు ఎవరన్నారో గుర్తులేదు. మర్నాడు ఎనిమిదింటిదాకా ఇద్దరం లేవలేదు.