మూత లేని మరచెంబు

నేను ఒక మరచెంబును. ఈ మాట ఇప్పుడు చెబితే నమ్మేవాళ్ళు లేరు. ఇంగ్లండులో యార్క్ అనే పాత ఊళ్ళో, ఒక పాత సామాన్ల కొట్టు అద్దం వెనక నిలబడి ఉన్నాను. నా మెడలో పసుపుపచ్చ గుడ్డపూలు గుచ్చారు. కొట్టు చూసుకునే ముసలావిడ లెక్కలో నేను పూలకుండీని. ఆవిడ తప్పేం లేదు, మూత లేని చెంబును చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. కాదని చెప్పే ఓపిక నాకు లేదు. ఉన్నా ఏ భాషలో చెప్పను?

మరచెంబంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. మర ఉన్న చెంబు. నా మెడ చుట్టూ మెలికలు తిరిగిన గాడి ఉంటుంది, మూత లోపల దానికి సరిపడే గాడి ఉంటుంది. తిప్పి బిగిస్తే తలకిందులు చేసినా చుక్క కారదు. ప్లాస్టిక్ సీసాలు రాకముందు రైలెక్కే ప్రతి కుటుంబం వెంటా నాలాంటిది ఒకటి ఉండేది. నన్ను పోసింది ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో వీరాచారి అనే కంచరి. నా మెడకూ మూతకూ మర కోశాక రెంటినీ పదేపదే తిప్పి చూసి, పక్కవాడితో అన్నాడు, "ఒక చెంబు మూత ఇంకో చెంబుకి పట్టదురా. పట్టినా కారుద్ది." ఆ మాట అప్పుడు నాకు వేళాకోళంగా తోచింది.

నన్ను మొదట కొన్నది నిడదవోలు సుబ్బాయమ్మగారు. కాశీకి వెళ్తూ కొన్నది. వచ్చేటప్పుడు నా కడుపులో గంగ ఉంది కాబట్టి వీధివీధంతా వచ్చి నాకు దండం పెట్టింది. గంగ పంచడం అయిపోగానే నన్ను తీసుకెళ్ళి వంటింట్లో నీళ్ళబిందె పక్కన పడేశారు. మనుషుల భక్తి ఎంతసేపూ లోపలి సరుకు మీదే గాని గిన్నె మీద కాదని ఆ రోజే తెలిసింది.

ఆవిడ తరవాత ఆవిడ కొడుకు పుండరీకాక్షయ్యగారి చేతికి వచ్చాను. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవారు. ఊళ్ళో ఎవరి ఇంటిపేరు ఏమిటో, ఎవరు ఏ సందులో ఉంటారో ఆయనకు చూడకుండా వచ్చు. నన్ను ఆఫీసుకు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టుకునేవారు. "ఎక్కడికెళ్ళినా ఆ చెంబేంటండీ?" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే, "ఇది మరిచే చెంబు కాదండీ, మరచెంబు" అనేవారు. ఆ ఒక్క హాస్యాన్నే ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వాడుకున్నారు. వినీ వినీ నాకు విసుగొచ్చింది గాని, ఆయనకు రాలేదు.

ఇంట్లో నా చోటు అలమరలో, ఒక బిస్కెట్ల డబ్బా పక్కన. ఏ దొర ఇంట్లోంచి వచ్చిందో, సుబ్బాయమ్మగారి కాలం నాటిది. బిస్కెట్లు ఎవరు తిన్నారో తెలియదు, మాకు తెలిసినప్పటి నుంచీ అందులో సూదులూ దారాలూ బొత్తాలే. మూత మీద రంగుల బొమ్మ ఉండేది. ఒక పాత రాతిగోడ, గోడ కింద గట్టు నిండా పసుపుపూలు, దూరంగా జంట గోపురాల చర్చి. ఎప్పుడో కింద పడి కుడి గోపురం దగ్గర సొట్ట పోయింది. చిన్నప్పుడు పుండరీకాక్షయ్యగారు జ్వరంతో పడుకుంటే తల్లి ఆ మూత చేతికిచ్చేదట. ఆయన ఆ గోడ మీద వేలితో నడుచుకుంటూ నిద్రపోయేవారట. అది యార్క్ అని పెద్దయ్యాక ఎవరో చెప్పారు. "ఎప్పటికైనా ఆ గోడెక్కాలి మాణిక్యం" అని భార్యతో అంటుండేవారు. మాణిక్యాంబగారు బొత్తాం కుట్టుకుంటూ "అలాగేనండి, ముందు ఈ చొక్కా వేసుకోండి" అనేవారు.

ఆయనకు మతిమరుపు పట్టుకున్న సంగతి డాక్టరుకంటే ముందు నాకు తెలిసింది. ఒక ఉదయం నా మూత తియ్యబోయి ఎదురు తిప్పారు. అది బిగుసుకుంది. ఇంకా తిప్పారు. ముఖం ఎర్రబడింది. పుట్టినప్పటి నుంచీ తిప్పుతున్న మూత ఎటు తిప్పాలో ఆయనకు తోచలేదు. మాణిక్యాంబగారు వచ్చి, నన్ను తీసుకుని, ఇటు తిప్పి ఇచ్చారు. ఆ రోజు ఆవిడ నన్ను తోమినంత సేపు అంతకు ముందెప్పుడూ ఎవరూ తోమలేదు. నా ముఖంలో ఆవిడ ముఖం కనిపిస్తూనే ఉంది, బాగోలేదు.

ఆ ఏడే ఆవిడ సీమ ప్రయాణం, అదే ఇంగ్లండు ప్రయాణం కట్టింది. ఆడపడుచు వచ్చి, "గుర్తుండని మనిషికి సీమ చూపిస్తే ఎంత, చెరువుగట్టు చూపిస్తే ఎంత వదినా? తిప్పలు కాపోతే" అంది.

"ఒక్కసారి ఆ గోడ చూసి, ఇదేనే అని ఆయన అంటే చాలమ్మా. తర్వాత ఆయనకి గుర్తుండకపోతే నాకుంటాది కదా."

అదీ ఆవిడ కోరిక. పెద్దదేం కాదు. నాకు మాత్రం ఈ వయసులో విమానం ఎక్కాలనే సరదా లేదు, నన్నెవరూ అడగలేదు.

తెలుగువాళ్ళ బృందంతో బస్సులో తిప్పారు. దయాసాగర్ అని భీమవరం కుర్రాడు, అక్కడే స్థిరపడినవాడు, ఎర్ర రిబ్బను కట్టిన గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడిచేవాడు, మిగతావాళ్ళు వెనక పరుగెత్తేవాళ్ళు. గుడ్డసంచిలో నేను పుండరీకాక్షయ్యగారి భుజానికి వేలాడుతూ ఆయన డొక్కలో పొడుస్తూ ఉండేదాన్ని. కాంటర్‌బరీ అన్నారు, పెద్ద చర్చి చూపించారు. ఆక్స్‌ఫర్డ్ అన్నారు, కాలేజీలు చూపించారు, అవీ చర్చిల్లాగే ఉన్నాయి. ఎక్కడ చూసినా రాయి, మెట్లు, వాన. మనుషులు ఇంట్లో కూర్చుంటే కాళ్ళు నొప్పులంటారు, ఊళ్ళు తిరగడానికి వెళ్ళి కాళ్ళు విరగ్గొట్టుకుని దానికి విశ్రాంతి అని పేరు పెడతారు. నేను అన్నీ సంచి చిరుగులోంచే చూశాను, అయినా అలిసిపోయాను.

బాత్ అనే ఊరికి వెళ్ళిన రోజు మాణిక్యాంబగారు పెందలాడే లేచి పసుపు, తువ్వాలు, మార్చుకునే చీర సంచిలో సర్దారు. ఊరి పేరే స్నానం, పైగా వేడినీటి ఊట, ఎప్పటిదో పాతకాలపు కోనేరు, ఇంకేం కావాలి? సంకల్పం చెప్పుకోవడం ఒక్కటే తక్కువ. తీరా వెళితే ఆ నీళ్ళు పచ్చగా పాచిపట్టి ఉన్నాయి, చుట్టూ జనం నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు.

"ముట్టుకోకూడదమ్మా, చూడ్డవే" అన్నాడు దయాసాగర్.

"స్నానం చెయ్యనివ్వనప్పుడు ఆ పేరెందుకు బాబూ?" అని ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. బయటికొచ్చే చోట కుళాయిలో ఆ నీళ్ళే రుచి చూడనిస్తారంటే నాలో కాసిని పట్టి, భర్త నెత్తిన చల్లి, తన నెత్తిన చల్లుకుంది. "గుర్తుండేలా చెయ్యి తల్లీ" అని ఏ తల్లితో అందో నాకు తెలియదు. నీళ్ళు మాత్రం గోరువెచ్చగా, ఇనుము కంపు. గంగ మోసిన కడుపు నాది, ఆ రుచి ఇప్పటికీ వదలలేదు.

చివరికి యార్క్ వచ్చింది. గోడ ఎక్కించారు. వసంతకాలం, గట్టు నిండా పసుపుపూలు. మాణిక్యాంబగారు ఎదురుగా చూడటం మానేసి భర్త ముఖమే చూస్తోంది. ముందుగా తాను చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది, చెప్పి అనిపిస్తే అది గుర్తు కాదని. ఆయన చర్చి వైపు చూశారు, పూల వైపు చూశారు, గాలికి కళ్ళు నులుముకున్నారు.

ఉండబట్టలేక ఆవిడే అడిగింది, "ఏవన్నా తోస్తందాండీ?"

"బాగుందే. కాళ్ళు లాగుతున్నాయి. ఇంటికెళ్దావా?"

"వెళ్దాం లెండి" అందావిడ. సంచి సర్దే నెపంతో నా మూత మీద చెయ్యి వేసి కొంతసేపు అలాగే ఉంచింది.

అక్కడి నుంచి ఆ పెద్ద చర్చిలోకి తీసుకెళ్ళారు. దయాసాగర్ బస్సు చూసుకోవడానికి పోయాడు. మాణిక్యాంబగారు భర్తను ఒక బల్ల మీద కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండండి, బాత్రూంకెళ్ళి ఇప్పుడే వస్తాను" అని వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే ఈయన లేచారు. పోస్టాఫీసు కట్టేసే వేళయిందనుకున్నారేమో, సంచి భుజాన వేసుకుని, దర్జాగా బయటికి నడిచారు. జనం వెంట నడిచి, వంతెన దాటి, మళ్ళీ ఆ గోడ దగ్గరికే వచ్చారు. ఈసారి పైకి ఎక్కలేదు. కింద, పూలగట్టు పక్కన, రాతిబల్ల దగ్గర ఆగారు. మబ్బు విడిచి ఎండ పడింది. ఆయన తల ఎత్తారు.

"ఓర్నీ!" అన్నారు. "మన సూదీదారం డబ్బా!"

గట్టిగా నవ్వారు. పక్కన వెళ్తున్న తెల్లవాళ్ళు తిరిగి చూసి చిరునవ్వు నవ్వారు. ఆయన వేలు గాలిలో పెట్టి ఆ గోడ పొడవునా మెల్లగా నడిపించారు. తరవాత కళ్ళు చికిలించి, "అదేంటీ, కుడి గోపురం మీద సొట్ట ఏదీ?" అన్నారు. వెనక్కి తిరిగి, "మాణిక్యం, ఇదిగో చూడవే!" అని పిలిచారు. వెనక ఎవరూ లేరు. సంచిలో నేను ఉన్నాను. నాకు వినడమే గాని పలకడం రాదని అంత బాధ ఎప్పుడూ కలగలేదు.

అక్కడ చర్చిలో ఆవిడ పడ్డ అవస్థ, కాసేపటికి ఆవిడ ఆయన్ని తిడుతూ చెబుతుంటే విన్నాను. బల్ల ఖాళీగా ఉంది. చర్చిలో సాయం చేసే ఒక తెల్లావిడ చెయ్యి పట్టుకుని, ధైర్యం చెప్పి, మైకులో పిలుస్తాం పేరేమిటని అడిగింది. మాణిక్యాంబగారు మొగుడి పేరు నోట పలకని మనిషి. పెళ్ళినాడు తలుపు దగ్గర ఆడవాళ్ళు అడ్డం నిలబడి పేరు చెప్తేగాని లోపలికి రానివ్వమన్నప్పుడు కూడా ఎలాగో తప్పించుకుందట. ఆ తరవాత చెప్పింది లేదు. "మా ఆయన" అంది. "పోస్టుమేష్టారు కాదు, పోస్టాఫీసు" అంది. చివరికి కళ్ళు మూసుకుని ఆ పేరు చెప్పింది. తెల్లావిడ దాన్ని నాలుగు ముక్కలు చేసి మైకులో పిలిచింది. ఎవరూ రాలేదు.

ఆవిడ బయటికి పరుగెత్తి, ఎర్ర స్వెట్టరు వేసుకున్న ముసలాయన కోసం కనిపించినవాళ్ళందర్నీ సైగలతో అడుగుతూ వంతెన దాటింది. ఇక ఆ పైన జరిగింది నేనే విన్నాను. గట్టు మలుపు దగ్గర నుంచి ఆవిడ కేక వినిపించింది.

"పుండరీకాక్షయ్యగారూ!"

నడివీధిలో, పగటిపూట, అంత గొంతుతో. ఈయన అటు తిరిగి నిలబడి ఉన్నారు. కదల్లేదు. ఆవిడ ఇంకా దగ్గరికొచ్చి మళ్ళీ పిలిచింది. ఊరందరి పేర్లూ చూడకుండా చెప్పిన మనిషి, అది ఎవరి పేరో అన్నట్టు పూలు చూస్తున్నారు. ఆవిడ ఆగిపోయింది. రొప్పుతోంది. తరవాత, వంటింట్లోంచి పిలిచినట్టు మామూలుగా అంది.

"ఏవండీ."

"ఆఁ!" అని ఆయన వెంటనే తిరిగారు.

ఆవిడ అక్కడే ఏడ్చేసింది. ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే రాతిబల్ల మీద కూర్చోబెట్టి, నన్ను సంచిలోంచి తీసి, మూత తిప్పి నీళ్ళు తాగించి, పక్కన బల్ల మీద పెట్టింది. మూత ఎడమ చేతిలోనే ఉంది.

"ఎంత పని చేశారండీ. నలుగురిలో మీ పేరు చెప్పానండీ నేను!"

"అలాగా? ఏం పేరు?"

ఆవిడ చెవి దగ్గర మెల్లగా చెప్పింది.

"మంచి పేరే" అన్నారాయన. కొంచెం ఆగి, "నువ్వెక్కడికెళ్ళావే? నీకోటి చూపిద్దావనుకున్నాను" అన్నారు.

"ఏంటండీ?"

ఆయన చుట్టూ చూశారు. మళ్ళీ మబ్బు కమ్మింది. చర్చి అక్కడే ఉంది, గోడ అక్కడే ఉంది. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. అనండి, సూదీదారం డబ్బా అనండి.

"ఏదో. మర్చిపోయాను."

"పోన్లెండి" అందావిడ, చెంగుతో ఆయన మూతి తుడుస్తూ. "మీరు దొరికారు, చాలు."

దయాసాగర్ గొడుగుతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దొరికారా బాబుగారూ! లేవండమ్మా, అందరూ బస్సులో కూర్చున్నారు, చినుకులు కూడా పడుతున్నాయి." మాణిక్యాంబగారు లేచింది. కుడి చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. ఎడమ చెయ్యి నా మూతతో సహా ఆయన మోచేతి కింద వేసింది. ఇక వదిలేది లేదన్నట్టు పట్టుకుంది. ఖాళీ సంచి ఆయన భుజానే ఉంది. నన్ను పట్టుకోవడానికి ఆవిడకు మూడో చెయ్యి లేదు. మలుపు తిరిగేదాకా వాళ్ళ వీపులు చూశాను. ఇద్దరూ ఒకే అడుగు వేస్తున్నారు, నెమ్మదిగా.

వానకు నా కడుపు నిండింది. ఎవరో తీసుకెళ్ళి పోయిన సామాన్లు దాచే గదిలో పెట్టారు, అక్కడ గొడుగుల మధ్య చాలాకాలం ఉన్నాను. ఎవరూ రాకపోతే ఈ కొట్టుకు ఇచ్చారు. మరిచే చెంబు కాదన్న మరచెంబునే మరిచిపోయి వెళ్ళారు. నాకు కోపం లేదు. ఆవిడ చేతులు ఖాళీగా ఉంటే అప్పుడు కోపం వచ్చేది.

మూత నిడదవోలు చేరి ఉంటుంది. ఆ డబ్బాలో, బొత్తాల మధ్య ఉంచి ఉంటుంది. ఇంకో చెంబుకి పెట్టి చూసినా పట్టదు. నా మెడకు ఇక్కడ ఏదీ పట్టదు. దానికి నేను ఎప్పుడో సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఒక్కటే. డబ్బా మూత చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆవిడ అనుకుంటుంది, అంత దూరం తీసుకెళ్ళినా ఆయన ఆ గోడను గుర్తుపట్టలేదని.

పట్టారమ్మా. మిమ్మల్నే పిలిచారు. గట్టిగా నవ్వారు కూడా.