తొమ్మిది ప్రశ్నలకు సున్నా

మంగళ, గురు, శనివారాలు లేత్ మేస్త్రి డయాలసిస్‌కి వెళ్తాడు. నాలుగేళ్లుగా ఇదే. లేత్ మిషను మీద పని పోయింది, పేరు మిగిలింది. ఆ శనివారం డాక్టరు కబురు పెట్టడంతో చెల్లెలు కుట్టు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వెంట వచ్చింది. అన్నాచెల్లెళ్లిద్దరే ఒక ఇంట్లో ఉంటారు. ఆమె పొద్దున ఏడింటికి వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. మిగిలిన పొద్దంతా మేస్త్రి, నాలుగు గోడలు.

"విటమిన్ డి ఎనిమిదుంది. ముప్పై ఉండాలి," అన్నాడు డాక్టరు. "ఇది తక్కువున్న కిడ్నీ పేషెంట్లలో దిగులు ఎక్కువ కనిపిస్తుంది. దేనివల్ల ఏదొస్తుందో గట్టిగా చెప్పలేం. మందు రాస్తా. కాసేపు ఎండలో కూర్చోండి. నర్సమ్మ కొన్ని ప్రశ్నలడుగుతుంది, చెప్పండి."

కిటికీ లేని హాల్లో నాలుగు గంటలు కట్టిపడేసి, ఇంటికెళ్లి ఎండలో కూర్చోమంటారు. మిషను దిగాక మనిషి గోడ పట్టుకుని నడుస్తాడు. ఎండ దాకా మోసుకెళ్లేదెవరో చీటీలో రాయరు.

నర్సు కాగితం తెచ్చి మంచం పక్కన నిలబడింది. హాల్లో పన్నెండు మంచాలున్నాయి, మధ్యలో పరదా కూడా లేదు. మనసులో మాట అడగడానికి దొరికిన చోటు ఇదీ.

"గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉందా? అసలు లేదు, కొన్ని రోజులు, సగం రోజులు, రోజూ?"

"లేదు."

"దిగులుగా ఉండటం?"

"లేదు."

పక్క మంచం మీది బస్సు కండక్టరు నవ్వాడు. "ఆయనకి దిగులేంటమ్మా, రాయి! నాకెయ్యి ఆ మార్కులు, ఫస్టుక్లాసులో పాసవుతా."

"నిద్ర పట్టకపోవడం?"

మేస్త్రి నోరు తెరిచేలోపు చెల్లెలు అందుకుంది. "హాయిగా పడుకుంటాడమ్మా. గురక కూడాను."

మేస్త్రి పైకప్పు చూశాడు. గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటే అది నిద్రే అనుకునే చెల్లెలికి ఏం చెప్తాడు? కుట్టుమిషను మీద ఆమె నడుం ఇప్పటికే వంగిపోయింది.

ప్రాణం మీద విరక్తి పుట్టిందా అన్న తొమ్మిదో ప్రశ్నకీ "లేదు" అన్నాడు, సుత్తి దెబ్బకి మేకు దిగినట్టు. నర్సు కాగితం అడుగున మొత్తం సున్నా అని రాసింది.

"చూశావా, మా అన్న గట్టోడు," అంది చెల్లెలు.

అప్పుడే టెక్నీషియను మిషను సరిచేస్తూ, ఇందాక తూచిన బరువు చూశాడు. "ఒంట్లో నాలుగున్నర కిలోల నీరు పట్టింది మేస్త్రీ! గురువారం ఎగ్గొడితే ఇంతే మరి. గుండె ఆగిపోయుండేది."

"గురువారం వచ్చాడు కదయ్యా," అంది చెల్లెలు. "నేనే అన్నం డబ్బా కట్టిచ్చా."

టెక్నీషియను తల అడ్డంగా ఊపాడు. కండక్టరు కూడా.

"అన్నయ్యా, ఎక్కడికెళ్లావ్?"

"బస్టాపులో కూర్చున్నా."

"ఎంతసేపు?"

"మిషను దిగే టైము దాకా."

"డబ్బా?"

"తిన్నా. నువ్వు కట్టావని అది మాత్రం తిన్నా."

"ఎందుకు రాలేదు? బస్సు దొరకలేదా?"

"మూడు బస్సులొచ్చాయి. ఎక్కబుద్ధి కాలేదు. మంగళవారం కూడా ఎక్కనేమో."

చెల్లెలికి కోపం ముంచుకొచ్చింది. "నాకు చెప్పొద్దా? నేనేం చచ్చానా?"

"ఎప్పుడడిగావే? తిన్నావా, మాత్రేసుకున్నావా అంటావ్. తిన్నా, వేసుకున్నా అంటా. అంతటితో అయిపోతుంది మన మాట."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరిగి తిట్టుంటే బాగుండేదనిపించింది మేస్త్రికి.

నర్సు చేతిలోని కాగితం చించేసింది. ఇంకో కాగితం తీసింది. ఇంకా పదకొండు మందిని అడగాలి, ఎందరిని అడిగిందో పైవాళ్లు లెక్క చూస్తారు. అయినా స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మా, మీరు కాసేపు బయటికెళ్తారా?"

చెల్లెలు లేచింది. మేస్త్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వద్దనుకుంటూనే పట్టుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు.

నర్సు గొంతు తగ్గించింది. "దేని మీదా ఆసక్తి లేకపోవడం..."

"రోజూ," అన్నాడు మేస్త్రి.